"నాలోనే లోపం" అనే కొరియన్ సోదరికి సంఘం ఏం చెయ్యగలదు?

వందనాలు సిస్టర్ గారూ.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పెనుకొండ దగ్గర మీ ఆయన పాస్టరుగా ఉన్న మీ సంఘానికి ఎనిమిది నెలలుగా ఒక కొరియన్ సోదరి వస్తున్నారు. వయసు నలభై ఆరు. భర్త కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తారు. మీరు ఏ మంచి మాట అన్నా "లేదు లేదు, నాలో చాలా లోపం ఉంది" అంటారు. అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దుతారు, అందరూ వెళ్లాక గిన్నెలు కడుగుతారు. ఈమధ్య నిద్ర పట్టడం లేదని, గుండెల మీద రాయి పెట్టినట్టు ఉందని చెప్పారు. ఆత్మగౌరవం పెంచే వాక్యాలు రాసిస్తే మంచిదా, స్త్రీల కూడికలో ఏదైనా బాధ్యత ఇస్తే ధైర్యం వస్తుందా, క్రిస్మస్‌కి అందరికీ వాళ్ల కిమ్చి పచ్చడి చేసిపెట్టమని అడగొచ్చా అని మీరు అడిగారు.

సూటిగా చెప్తాను. వాక్యాల చీటీలు ఇప్పుడే వద్దు. బాధ్యత వద్దు. కిమ్చి అసలే వద్దు. ముందు ఒక మంచి డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి, తర్వాత ఆమె చేతిలో గిన్నె లేకుండా మీ పక్కన కూర్చోబెట్టుకోండి, ఆమె పేరు నేర్చుకోండి. నెలల తరబడి చెయ్యాల్సిన పని ఇది. ఒక్క ప్రసంగంతో అయ్యేది కాదు.

నా గురించి ఒక్క మాట. మాది బాపట్ల. సియోల్‌లో ఆరేళ్లు ఉండి కాపరి సేవకు సంబంధించిన కౌన్సెలింగ్ చదివాను, అక్కడే ఒక సంఘంలో స్త్రీల మధ్య పనిచేశాను. పదేళ్లుగా చెన్నైలో ఉంటూ శ్రీపెరుంబుదూరు చుట్టుపక్కల కొరియా కుటుంబాలను కలుస్తుంటాను. డాక్టర్ని కాను.

మొదట ఆ "లోపం" అనే మాట సంగతి. కొరియా సంఘాల్లో "పుజొఖమ్నిదా" అనే మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. "నేను చాలినదాన్ని కాను" అని అర్థం. పెద్ద పెద్ద పాస్టర్లు కూడా ప్రార్థనలో "ఈ లోపమున్న దాసుడు" అనే మొదలుపెడతారు. మనవాళ్లు "ఏ యోగ్యతా లేని మమ్మల్ని" అని మొదలుపెట్టినట్టే. కాబట్టి ఆ మాట వినగానే "అయ్యో, ఈమెకు ఆత్మగౌరవం లేదు" అనుకుంటే పొరపాటు. అది మర్యాద కావచ్చు. ఫోన్లో దొరికే పది ప్రశ్నల ఆత్మగౌరవ పరీక్ష కూడా చేయించకండి. అది అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లల దగ్గర వాడి చూసి 1965లో ప్రచురించిన ప్రశ్నావళి. నాలో మంచి గుణాలున్నాయి, నన్ను చూసి నేను గర్వపడతాను అని టిక్కు పెట్టడమే అమర్యాద అనుకుంటూ పెరిగిన మనిషికి అందులో మార్కులు తక్కువే వస్తాయి.

మరి మర్యాదకీ గాయానికీ తేడా ఎలా తెలుస్తుంది? నాకు పనికొచ్చిన గుర్తులు కొన్ని ఉన్నాయి. మర్యాదకి అనేవాళ్లు రెండుసార్లు వద్దంటారు, మూడోసారి నవ్వుతూ తీసుకుంటారు. గాయం ఉన్నవాళ్లు తీసుకోలేరు. మీరు ఒక కేకు ముక్క ఇస్తే మర్నాడు రెండు డబ్బాల పళ్లతో మీ గుమ్మంలో ఉంటారు. జ్వరం వచ్చినందుకు మీకు క్షమాపణ చెప్తారు. అన్నిటికంటే నమ్మకమైన ప్రశ్న ఒకటుంది. "మీకు తినడానికి ఏమిష్టం?" అని అడగండి. "మా అబ్బాయికి ఇది ఇష్టం, మా ఆయన అది తినరు" అనే జవాబే మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆమె తన గురించి ఆలోచించడం మానేసి చాలా ఏళ్లయిందని అర్థం. మన ఇళ్లలో అమ్మల్ని అడిగినా ఇదే జవాబు వస్తుందనుకోండి.

కొరియన్ భాషలో రెండు దగ్గరి మాటలున్నాయి. చజొన్‌సిమ్ అంటే పౌరుషం, పరువు, ఇతరుల ముందు దెబ్బతినేది. చజొన్‌గమ్ అంటే ఎవరూ చూడకపోయినా నేను విలువైనదాన్నే అన్న లోపలి నిబ్బరం. ఈ రెండో మాట గత ఇరవై ఏళ్లలో అక్కడ పుస్తకాల షాపుల నిండా, టీవీ నిండా వ్యాపించింది. నేను చూసినంతలో మధ్యవయసు స్త్రీలలో మొదటిది బలంగా ఉంటుంది, రెండోది పలచగా ఉంటుంది. అంటే ఆమెను నలుగురి ముందు ఓదార్చడం కూడా అవమానంగా అనిపించవచ్చు. "మన సోదరి కోసం ప్రార్థన చేద్దాం, ఈమెకు మనశ్శాంతి లేదు" అని మైకులో అన్నారంటే మళ్లీ మీ గడప తొక్కరు. అలా వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను.

ఇక కారణాలు. పాత కొరియాలో ఆడపిల్లకు మూడు విధేయతలు నేర్పేవారు. పుట్టింట్లో తండ్రికి, పెళ్లయ్యాక భర్తకు, భర్త పోయాక కొడుక్కి. ఇది వినగానే మనకు మనుస్మృతి గుర్తొస్తుంది. అత్తవారింట్లో కోడలు మూడేళ్లు గుడ్డిదానిలా, మూడేళ్లు చెవిటిదానిలా, మూడేళ్లు మూగదానిలా బతకాలని వాళ్ల సామెత. ఇదంతా పాత కథ అనుకోకండి. భర్త చనిపోతే ఉయ్యాల్లో ఉన్న కొడుకే కుటుంబ పెద్దగా రికార్డుల్లోకెక్కే హోజు పద్ధతి 2008 జనవరి 1 దాకా చట్టంలో ఉంది. 2005లో రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టాకే అది పోయింది. 1990లో ఆ దేశంలో వందమంది ఆడపిల్లలకు 116 మందికి పైగా మగపిల్లలు పుట్టారు. ఎందుకో మనకు ఎవరూ వివరించక్కర్లేదు, మన స్కానింగ్ సెంటర్ల గోడల మీద ఉన్న బోర్డులు చదివినవాళ్లమే. పాత తరంలో "ఇక చివరిది", "తర్వాత మగబిడ్డ" అనే అర్థాలు వచ్చేలా ఆడపిల్లలకు మల్జా, హునమ్ వంటి పేర్లు పెట్టేవారు. తనను ఎవరైనా పిలిచిన ప్రతిసారీ "నువ్వు వద్దనుకుంటే పుట్టావు" అని వినిపించే బతుకు అది.

ఇక్కడ సంఘం చేసిన మేలు చెప్పకపోతే అన్యాయం. చోసొన్ రాజుల కాలంలో సామాన్య స్త్రీకి చాలాసార్లు సొంత పేరంటూ ఉండేది కాదు, ఫలానా ఊరామె, ఫలానావాడి తల్లి, అంతే. బాప్తిస్మం రోజున చాలామందికి ఎస్తేరు, మరియ, మార్త అని మొదటిసారి పేరు వచ్చింది. 1886లో మేరీ స్క్రాంటన్ అనే మెథడిస్టు మిషనరీ సియోల్‌లో ఆడపిల్లల బడి తెరిస్తే మొదట వచ్చింది ఒక్కరే. మరుసటి ఏడాది రాజు కొజోంగ్ దానికి ఇహ్వా అని పేరిచ్చాడు, బేరి పువ్వు అని అర్థం. అదే ఇవాళ్టి ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయం. ఆ బడిలో చదివిన ఎస్తేరు పార్క్ అమెరికాలో బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1900లో డాక్టరై తిరిగొచ్చింది. పాశ్చాత్య వైద్యం నేర్చిన మొదటి కొరియన్ స్త్రీ ఆమె. ఆమె చదువు కోసం కూలిపని చేసిన భర్త ఆమె పట్టా అందుకునే లోపే క్షయతో చనిపోయాడు. పండితులు చైనా లిపిలో రాసుకుంటూ కొరియన్ సొంత లిపి హంగుల్‌ను ఆడవాళ్ల రాతలని ఈసడించిన రోజుల్లో బైబిలు హంగుల్‌లోనే వచ్చింది. 1887కల్లా కొత్త నిబంధన మొత్తం వచ్చేసింది. దాన్ని సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి ఆడవాళ్లకు చదవడం నేర్పినవారు చొందో పుయిన్‌లు. మన తెలుగు మిషన్లలో బైబిలు స్త్రీలు ఎలాగో వాళ్లూ అంతే.

మన పాస్టర్లకు పాల్ యాంగీ చోగా తెలిసినాయన సంగతీ చూడండి. 1958లో సియోల్ శివార్లలో ఒక డేరాలో, తర్వాత తనకు అత్తగారైన చోయ్ జాసిల్‌తో కలిసి సంఘం మొదలుపెట్టాడు. అదే తర్వాత ప్రపంచంలోనే అతిపెద్ద సంఘాల్లో ఒకటిగా పేరుపడింది. 1964లో పని భారంతో కుప్పకూలాక ఇంటింటి కూడికల నాయకత్వం స్త్రీల చేతికిచ్చాడు. ఆ సంఘం అంతగా పెరగడానికి ఆ స్త్రీలే కారణమని నా అభిప్రాయం.

ఇంత మేలు చేసిన కొరియా సంఘాలే రెండో చేత్తో ఏం చేశాయంటే, తాము పేరిచ్చినవాళ్లను వంటింట్లో పెట్టాయి. కొరియా సంఘాల్లో ఆదివారం ఆరాధన తర్వాత అందరికీ భోజనం ఉంటుంది. వందల మందికి సూప్ కాచేది, గిన్నెలు తోమేది ఎక్కువగా క్వొన్సాలు. క్వొన్సా అంటే ప్రార్థనలో, పరామర్శలో అనుభవమున్న పెద్దావిడకు సంఘం ఇచ్చే హోదా. హోదా గౌరవమైనదే, చేతిలో మాత్రం గరిటె. మెథడిస్టులు 1955లో కొరియన్ స్త్రీలను పాస్టర్లుగా అభిషేకించారు. ప్రెస్బిటేరియన్లలో తొంగ్‌హాప్ శాఖ 1994లో ఒప్పుకుంది. హాప్‌తొంగ్ శాఖ ఇప్పటికీ ఒప్పుకోదు. 2003లో ఆ శాఖ అధ్యక్షుడు సెమినరీ పిల్లల ముందే ఆడవాళ్ల నెలసరిని ఎత్తిచూపి, వాళ్లు ప్రసంగ పీఠం ఎక్కకూడదన్నాడు. దేశమంతా దుమారం లేచింది. మీ సోదరి ఏ శాఖలో పెరిగారో మెల్లగా కనుక్కోండి, ఆమె మౌనానికి సగం అర్థం అక్కడే దొరకవచ్చు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, మీరు సరిగ్గా అదే చెయ్యబోతున్నారు కాబట్టి. సియోల్‌లో మా సంఘంలో యాభై ఎనిమిదేళ్ల క్వొన్సా ఒకరు ఉండేవారు. పదిహేడేళ్లుగా వంటింటి బాధ్యత ఆవిడదే. ఎప్పుడూ "నాకేం తెలుసు, చదువుకోలేదు" అనేవారు. నేను అప్పుడే కోర్సులో గుర్తింపు, ప్రశంస వగైరా చదివిన ఉత్సాహంలో ఉన్నాను. పాస్టరు గారిని ఒప్పించి ఒక ఆదివారం ఆవిడను ముందుకు పిలిపించి, పూలగుత్తి ఇప్పించి, "ఈ చేతులే మన సంఘాన్ని పోషించాయి" అని చెప్పించాను. చప్పట్లు మోగాయి. ఆవిడ ఏడ్చారు. నేను గెలిచాననుకున్నాను.

తర్వాత మూడు వారాలు రాలేదు. ఇంటికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చాలాసేపటికి, "మణికట్టు నొప్పికి రెండేళ్లుగా మందులు వాడుతున్నాను. మానేద్దామనుకున్నాను. ఇప్పుడెలా మానను? ఆ చేతులు ఆగిపోతే ఇక నేనెవరిని?" అన్నారు. ఆ రోజు నాకు బుర్రకెక్కింది. చేసే పనిని పొగిడితే మనిషి విలువ ఆ పనికే ఇంకా గట్టిగా ముడిపడిపోతుంది. మీ సోదరిని స్త్రీల కూడికకు కార్యదర్శిని చేసినా ఇంతే. "ఈవిడ మాకు ఎంత సాయమో" అని మీరు ప్రేమగా అన్న మాట ఆమెకు జీతం చీటీలా వినిపిస్తుంది. వచ్చే నెల కూడా పనిచేస్తేనే వచ్చేది.

గుండెల మీద రాయి సంగతికి వస్తాను. కొరియన్లు దీన్ని హ్వాబ్యొంగ్ అంటారు. హ్వా అంటే నిప్పు, కోపం రెండూ. ఏళ్ల తరబడి కోపాన్ని దిగమింగితే వచ్చే జబ్బు అని వాళ్ల అవగాహన. ఛాతీ నొక్కుకుపోవడం, ఒళ్లంతా ఆవిర్లు, గొంతులోనో పొట్ట పైభాగంలోనో ఉండ అడ్డుపడినట్టుండటం, పదే పదే నిట్టూర్పులు. మధ్యవయసు స్త్రీలలో ఎక్కువ. 1994లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం నాలుగో కూర్పులో కూడా ఒక సంస్కృతికి చెందిన వ్యాధిగా దాని పేరు ఎక్కింది. ఆమె నోటి నుంచి ఈ మాట వస్తే కొట్టిపారెయ్యకండి. "నాకు డిప్రెషన్" అని చెప్పుకోలేని మనిషి కూడా "నాకు హ్వాబ్యొంగ్" అని చెప్పుకోగలదు.

అయితే నలభై ఆరేళ్ల వయసులో ఛాతీ బరువు, ఆవిర్లు, నిద్రలేమి అంటే గుండె జబ్బు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, ముట్లుడిగే దశ కావచ్చు. ముందు ఈసీజీ, రక్త పరీక్షలు. పేరు పెట్టేసి ప్రార్థనకు కూర్చోవడం కాపరి చెయ్యకూడని పని. బెంగళూరు దగ్గరే కాబట్టి అక్కడ కొరియన్ అనువాదకులు దొరికే ఆసుపత్రి ఉందేమో విచారించండి. అనువాదానికి ఆమె కొడుకునో, భర్త సహోద్యోగినో పట్టుకెళ్లకండి. పిల్లాడి ముందు తల్లి నిజం చెప్పదు. సహోద్యోగి ముందు చెప్తే సాయంత్రానికి కంపెనీ క్వార్టర్సంతా తెలుస్తుంది. ఎవరూ దొరక్కపోతే ఫోన్లో పపాగో యాప్ పెట్టుకోండి, కొరియన్‌కు అది బాగానే పనిచేస్తుంది.

వాక్యాల విషయం. మీ ఆయన ఆదివారం "తన్ను తాను ఉపేక్షించుకొని" అనే మాట మీద ప్రసంగిస్తే ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూసుకోమనండి. గర్వంతో నిండినవాడికి అది మందు. ఉపేక్షించుకోవడానికి తనదంటూ ఏమీ మిగలని స్త్రీకి అదే మాట ఇంకో దెబ్బ. 1960లో వేలరీ సేవింగ్ అనే అమెరికన్ వేదాంతి ఈ మాటే లేవనెత్తింది. పాపమంటే గర్వం అని మగ వేదాంతులు తమ అనుభవం నుంచి రాశారని, చాలామంది స్త్రీల చిక్కు దానికి తలకిందులని, ఇతరుల కోసం కరిగి కరిగి తాను లేకుండా పోవడమే వాళ్ల చిక్కని ఆమె వాదన. దీనితో పూర్తిగా ఏకీభవించనక్కర్లేదు, నేనూ ఏకీభవించను. కొరియన్ క్వొన్సాల త్యాగంలో బలహీనత కాని బలం చాలా ఉంది. కానీ కౌన్సెలింగ్ గదిలో ఆ ప్రశ్న నాకు పదేపదే అక్కరకొచ్చింది.

ఏ వాక్యం ఇవ్వాలో అడిగారు కాబట్టి చెన్నైలో జరిగిన ఒకటి చెప్తాను. ముప్పై తొమ్మిదేళ్ల ఆవిడ, కొరియాలో ఫార్మసిస్టు. భర్త బదిలీతో ఉద్యోగం వదిలి వచ్చింది. ఉద్యోగం తెగిపోయిన ఇలాంటి స్త్రీల కోసం కొరియాలో 2008లో ఒక చట్టమే వచ్చిందంటే సమస్య ఎంతదో చూడండి. ప్రతి గురువారం కలిసేవాళ్లం. మొదటి రెండు నెలలు పిల్లల స్కూలు, డ్రైవరు, కూరగాయల ధరలు, అంతే. నేను తొందరపెట్టలేదు. మూడో నెలలో చుసొక్ పండగ వచ్చింది. పంటల పండగ, మన సంక్రాంతిలాంటిది. పెద్దలకు పెట్టే భోజనాల వంటంతా కోడళ్ల మీద పడుతుంది. ఆ పండగల తర్వాత కోడళ్లకొచ్చే నీరసానికి, చిరాకుకు వాళ్ల భాషలో పండగ జబ్బు అనే అర్థంతో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. ఆ ఏడు ఆమె వెళ్లలేకపోయింది. అత్తగారు వీడియో కాల్‌లో "నీకేం, హాయిగా ఉన్నావు" అన్నారట. ఆ ఒక్క మాటతో పద్నాలుగేళ్లది బయటికొచ్చింది.

అప్పుడు 13వ కీర్తన తెరిచాను. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" కొరియన్ బైబిల్లో చదివి వినిపించమన్నాను. చదివింది, గొంతులో ఏ కదలికా లేదు. కొరియన్‌లో దేవుణ్ణి "నువ్వు" అనడానికి వీల్లేదు. పెద్దవాళ్లతో మాట్లాడేందుకు వాళ్ల భాషలో అలాంటి మాటే లేదు. "తండ్రీ", "ప్రభువా" అనాలి, క్రియ చివర అత్యున్నత గౌరవం తగిలించాలి. ఆ కీర్తనలో ఫిర్యాదు కూడా రాజుగారికి రాసుకున్న అర్జీలా వినిపిస్తుంది. "మా భాషలో దేవుణ్ణి నువ్వు అనే పిలుస్తాం, అమ్మను పిలిచినట్టు" అని చెప్పాను. ఆమె నమ్మలేదు. "కోపం వచ్చినప్పుడు కూడానా?" అని అడిగింది. కోపం వచ్చినప్పుడు మరీనూ అన్నాను. ఆ తెలుగు వాక్యాన్ని హంగుల్ అక్షరాల్లో రాసుకుంది. "ఎన్నాళ్లు మరచిపోతావు?" అని నాలుగైదుసార్లు అనుకుంది, ఐదోసారికి ఏడ్చింది. అర్థం తెలిసీ తన భాష కాని మాటలో ఆమెకు వీలు దొరికింది. ఇది పద్ధతి అని మీకు చెప్పడం లేదు, అందరికీ పనిచెయ్యదు. పొగిడే వాక్యాల కంటే ముందు మొరపెట్టే వాక్యాలకు చోటివ్వండి అని మాత్రం చెప్తున్నాను. హన్నా కథ కూడా మంచిది. అక్కడ యాజకుడైన ఏలీ ఆమె దుఃఖాన్ని చూసి తాగిందనుకున్నాడు. మీ ఆయనకు ముందే చదివి వినిపించండి.

కొరియన్లకు అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించే అలవాటుంది. "చూయో", అంటే "ప్రభువా" అని మూడుసార్లు కేకవేసి మొదలుపెడతారు. 1907 ప్యొంగ్‌యాంగ్ ఉజ్జీవం నుంచి బాగా పాకిన అలవాటు. మీ ఉపవాస కూడికల్లో ఆమె హాయిగా కలిసిపోవచ్చు. ఇంట్లో గొంతెత్తలేని మనిషికి అది పెద్ద ఊరట. కానీ ఆ రాత్రి ఊరట పొంది పొద్దున్నే అదే వంటింట్లోకి వెళ్తుందని గుర్తుంచుకోండి. ఏడ్చింది కాబట్టి బాగైపోయిందని అనుకోవద్దు.

ఇంటికి వెళ్లే విషయంలో కొన్ని జాగ్రత్తలు. కాపరి ఇంటికి రావడాన్ని వాళ్లు సింబాంగ్ అంటారు, చాలా పెద్ద సంగతి. మీరు చెప్పకుండా వెళ్తే తలుపు తీసేలోపు ఆమె సిగ్గుతో చచ్చిపోతుంది. చెప్పి వెళ్తే రెండు రోజులు ఇల్లు తుడిచి, పళ్లు ఖరీదైనవి తెచ్చి పెడుతుంది. అందుకే నేను ఇళ్లకు తక్కువ వెళ్తాను. పార్కులో నడుస్తాం, లేదా నా ఇంటికి పిలిచి నిన్నటి పులుసే వేడిచేసి పెడతాను. మీ ఆయన ఒక్కరే వెళ్లడం గానీ, విడిగా మెసేజీలు పెట్టడం గానీ వద్దు. మీరే ఉండండి. ఇంకొకటి, మరీ ఎక్కువ ప్రేమ చూపించి బైబిలు చదువుకుందాం రమ్మని వెంటపడకండి. షిన్‌చొన్‌జీ అనే గుంపు వాళ్లు స్నేహం నటించి సంఘాల్లోకి చొరబడి మనుషుల్ని లాగుతారని కొరియాలో చర్చిల గుమ్మాల మీదే హెచ్చరికలు అంటించి ఉంటాయి. కొత్తవాళ్ల అతి ప్రేమ చూస్తే వాళ్లకు భయమే ముందు పుడుతుంది.

మన ఆడవాళ్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. "ఎంత తెల్లగా ఉన్నారో! ముఖం మీద మచ్చ లేదు! కొంచెం చిక్కినట్టున్నారే!" అని మనం ప్రేమగానే అంటాం. వాళ్ల దేశంలో కనురెప్పకు మడత వేయించే ఆపరేషన్ స్కూలు ముగిసిన ఆడపిల్లకు బహుమతిగా ఇచ్చే తల్లిదండ్రులున్నారు. 2018లో యువతులు మేకప్ సామాను పగలగొట్టి, జుట్టు కత్తిరించుకుని "కార్సెట్ విప్పేస్తున్నాం" అని ఫొటోలు పెట్టారు. ముఖాన్ని జనం ఎప్పుడూ తూకం వేస్తుంటే కలిగే విసుగు అది. మెచ్చుకోలైనా సరే, తూకం తూకమే. ఒంటి గురించి మాట్లాడకపోతే ఏం మాట్లాడాలి అంటారా, ఆమె చదివిన పుస్తకం గురించి, ఊరు గురించి అడగండి. చిన్నవయసు కొరియన్ స్త్రీలతో అయితే ఈ సమాధానంలో సగం మార్చాలి, వాళ్లు తలవంచరు, సంఘాన్నే వదిలి వెళ్లిపోతున్నారు. అది ఇంకో ప్రశ్న.

ఇవి కనిపిస్తే కాపరి సేవ పక్కన పెట్టి వెంటనే నిపుణుల సాయం తీసుకోండి: చనిపోవాలని ఉందనడం, దాచుకున్న వస్తువులు పంచిపెట్టడం, తిండి మానేయడం, ఒంటిమీద దెబ్బలు, భర్త అంటే వణుకు. దెబ్బలు కనిపిస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ ప్రార్థన చెయ్యకండి, ఆ రాత్రి ఆమె మీద ఇంకో దెబ్బ పడుతుంది. మన దేశంలో మానసిక సాయానికి టెలీమానస్ 14416, స్త్రీల హెల్ప్‌లైన్ 181. కొరియాలో ఆత్మహత్య నివారణకు 109, స్త్రీలకు 1366 ఉన్నాయి, అక్కడి బంధువులకు ఇవి తెలిసి ఉండటం మంచిది. చెన్నైలో కొరియా కాన్సులేట్ ఉంది, ఆ నంబరు మీ ఫోన్లో పెట్టుకోండి.

చెన్నై ఫార్మసిస్టు ఏమైందని అడుగుతారేమో. ఏడు నెలల తర్వాత కూడా "పుజొఖమ్నిదా" అనడం మానలేదు. భర్తతో పేచీలు తీరలేదు. కానీ ఒకటి మారింది. కంపెనీ ఉద్యోగుల భార్యలు పెట్టుకునే విందుల్లో భర్త హోదాను బట్టి భార్యల వరసలుంటాయి, చిన్న హోదావాళ్లే వండాలి. ఒకసారి "నేను ఈసారి వండను, కొనుక్కొస్తాను" అనేసింది. ఫోన్ చేసి ఆ మాట నాకు చెప్పేటప్పుడు గొంతు వణుకుతోంది.

పేరు గురించి మొదట్లో అన్నాను, అది ముగిస్తాను. కొరియన్ స్త్రీలు పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోరు. మనం అలవాటుగా "మిసెస్ ఫలానా" అని భర్త ఇంటిపేరుతో పిలిస్తే అది ఆమె పేరే కాదు. వాళ్లలో వాళ్లు కూడా పిల్లాడి పేరు పెట్టి "ఫలానావాడి అమ్మ" అంటారు. అలాగని వట్టి పేరుతో పిలిస్తే మొరటు. సంఘంలో ఆమెకు చిప్సా, అంటే పరిచారకురాలి హోదా ఉండి ఉంటే ఆమె పూర్తి పేరు చెప్పి చివర "చిప్సానిమ్" అనండి, లేదా పేరు తర్వాత మన "గారు" తగిలించండి, వాళ్లకు అర్థమవుతుంది. ఈ ఆదివారం ఆమె కుర్చీలు సర్దకముందే మీరు సర్దేసి ఉంచండి. పేరు ఎలా పలకాలో ఆమెనే అడగండి. కొరియన్ అచ్చులు మనకు అంత తేలిగ్గా రావు, తప్పే పలుకుతారు. మొదట్లో "బాగానే ఉంది, బాగానే ఉంది" అంటారు. ప్రతి వారం మళ్లీ పలకండి. "అలా కాదు, ఇలా" అని ఆమె మిమ్మల్ని సరిదిద్దిన రోజున నాకు ఇక్కడే రాయండి, తర్వాత సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.